పింజకు పెట్టిన తలుపు

తెల్లవారుజామున ఫజర్ నమాజు చదువుకుని, చాప చుట్టి గోడకు ఆనించి, మస్తాన్‌బీ దూది గది తలుపు తీసింది. ఏకిన దూది కుప్ప మీద ఎవరో కారం ఒలకబోసినట్టు కనిపించింది. దగ్గరికి వెళ్లి వంగి చూసింది. కారం కాదు. పెంపుడు పిల్లి పింజ పెట్టిన కూనలు నాలుగూ నాలుగు వైపులా పడి ఉన్నాయి. ఇంకా కళ్లు తెరవని పసిగుడ్లు. ఒకదానికి తల లేదు. ఇంకొకదాని పొట్ట చీరి ఉంది. నెత్తురు కారిన చోటల్లా దూది దాన్ని పీల్చుకుని ముద్దలు కట్టింది.

దూదేకే మిషను మీద గండుపిల్లి కూర్చుని తాపీగా ముందుకాలు నాక్కుంటోంది. దాని వీపంతా మిరపకాయల ఎర్రదుమ్ము. కింద పింజ, తెల్లటి పిల్లి, నాలుగో కూనను బతికే ఉన్నట్టు నాకుతోంది. నాకినప్పుడల్లా ఆ కూన అటూ ఇటూ దొర్లుతోంది.

"నీ పాడె కట్టా!" అని అరిచి, చేతికందిన చెంబు విసిరింది మస్తాన్‌బీ. అప్పుడే నమాజు చదివిన నోటితో ఆ తిట్టు ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. చెంబు మిషనుకు తగిలి ఖంగుమంది. గండుపిల్లి ఒక్క దూకు దూకి, ఊచ ఊడిన కిటికీలోంచి బయట పడింది.

ఆ ఊచ ఊడదీసింది ఆమె మొగుడు జాన్ బాషానే, పింజ వచ్చిపోవడానికి. దూది ఉన్న ఇంట్లో పిల్లి లేకపోతే గడవదు. పర్చూరు రోడ్డు పక్కన వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కాపురం, వెనక గదిలో మిషను. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో పెళ్లికి పరుపూ దిండ్లూ కావాలంటే జాన్ బాషా దగ్గరికే వస్తారు. వెనక గది ఆనుకుని బుల్లయ్య కల్లం. అక్కడ ఎండబోసిన మిరపకాయల మీద పట్టాలు కప్పి ఉంటాయి. ఆ పట్టాల కిందే గండుపిల్లి మకాం. బుల్లయ్య దానికి ఎర్రోడని పేరు పెట్టాడు. అన్నం పెట్టడు, తరమడు.

కూనల్ని గుడ్డలో చుట్టి దొడ్లో పాతిపెడుతుంటే బుల్లయ్య గోడ మీంచి చూశాడు.

"మళ్లీ ఆ ముదనష్టపోడేనా చెల్లెమ్మా? పత్తికి కొట్టే గుళికలున్నాయి మా ఇంట్లో. చేపముక్కలో నాలుగు పెట్టి పడేస్తే తెల్లారేసరికి బిగుసుకుపోతాడు."

"నోరు లేని జీవం అన్నా. కడుపులో నిప్పు పోసి చంపమంటావా? రేపు అడిగితే నేనేం చెప్పాలి?"

"ఎవరడుగుతారు?"

"అడిగేవాడు అడుగుతాడులే."

బుల్లయ్య నవ్వి, తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు.

జాన్ బాషా ఆ రోజే కిటికీకి చెక్క కొట్టేశాడు. దాంతో పింజ లోపల బందీ అయిపోయింది. తలుపు దగ్గర కూర్చుని పొద్దస్తమానం అరిచేది. గోళ్లతో చెక్కను గీరి గీరి, వేళ్ల సందుల్లో నెత్తురు తెచ్చుకుంది. మస్తాన్‌బీ జాలిపడి బయటికి వదిలితే, తిరిగి లోపలికి రావడానికి తలుపు తీసేవాళ్లు ఉండరు. ఒక మధ్యాహ్నం ఇద్దరూ పరుపు అప్పగించడానికి వెళ్లి వచ్చేసరికి, పింజ గుమ్మం బయట వానకు తడిసి ఉంది. లోపల ఎలుకలు ఇంకో పెళ్లి పరుపును మధ్యకు కొరికేశాయి.

కొన్నాళ్లకే పింజ పొట్ట మళ్లీ నిండింది. కల్లం గోడ మీద అది ఎర్రోడితోనే తిరగడం మస్తాన్‌బీ కళ్లారా చూసింది.

"కన్నోడే వచ్చి చంపుతాడా?" అని మొగుణ్ణి అడిగింది. "ఏ బుద్ధి పెట్టి పుట్టించాడంటావు దాన్ని?"

"నన్నడిగితే ఏం చెప్తానే? పుట్టించినోణ్ణే అడుగు. రోజుకు అయిదుసార్లు మాట్లాడతావుగా."

ఆమె నిజంగానే అడిగింది. జవాబు రాలేదు. జవాబు రానిదల్లా తప్పు ప్రశ్న కాదని ఆమెకో నమ్మకం. అందుకని మర్నాడూ అడిగింది.

మస్తాన్‌బీ చెల్లెలి కొడుకు గఫూర్‌కు బజార్లో ఫోన్ల కొట్టుంది. పిల్లుల కోసం దానంతటదే తెరుచుకునే తలుపులు ఉన్నాయని చెప్పింది అతనే. ఆదివారం వచ్చి, పరుపు మీద బాసిపట్టు వేసి, ఫోన్‌లో బొమ్మలు చూపించాడు.

"ఇది చూడు పెద్దమ్మా. దీనికి కన్నులాంటిది ఉంటుంది. ఎదురుగా ఏదన్నా కదిలితే టక్కున తెరుచుకుంటుంది."

"ఎర్రోడు కదిలినా?"

"ఎర్రోడు కదిలినా, కోడి కదిలినా."

"అయితే వాడికి సలాం కొట్టి లోపలికి పిలిచినట్టేగా. తర్వాతది చూపించు."

రెండోది కరెంటు తలుపు. పిల్లి చర్మం కింద సూదితో బియ్యపుగింజంత చిప్ ఎక్కిస్తారు. ఆ పిల్లిని గుర్తుపడితేనే గడియ తీస్తుంది. గఫూర్‌కు అదే నచ్చింది. మోసం జరగదు, పోగొట్టుకునేది ఉండదు అన్నాడు.

"జీవం ఒంట్లో గింజ పెట్టి కుట్టడమేందిరా," అంది మస్తాన్‌బీ. "ఆయన ఇచ్చిన ఒళ్లు చాల్లేదా?"

"పెద్దమ్మా, నీ మోకాలికి ఇంజక్షన్ చేయించుకోలా?"

"నాకు నొప్పంటే చెప్పడానికి నోరుంది. దానికి ఏముంది?"

జాన్ బాషా అసలు మాట చెప్పాడు. "అది కాదురా. దూది గదిలో కరెంటు వస్తువు నేను పెట్టనివ్వను. మా నాయన పనిచేసిన మిల్లు ఒక్క నిప్పురవ్వకు తగలబడింది. ముగ్గురు లోపలే కాలిపోయారు. మిషనుకే నేను రోజూ భయపడుతుంటా. వైరు లేనిది ఏమన్నా ఉందా?"

మూడోది వైరు లేనిది. పిల్లి మెడకు పట్టీ కడతారు, పట్టీకి వేలెడంత అయస్కాంతం వేలాడుతుంది. పిల్లి తలుపు దగ్గరికొస్తే అయస్కాంతం లోపలి గడియను లాగుతుంది. తోసుకుని లోపలికి వస్తుంది. బయటికి పోవడానికి ఏదీ అక్కర్లేదు, తోస్తే చాలు. లోపలికి రావడానికే అయస్కాంతం కావాలి.

జాన్ బాషా ముఖం వెలిగింది. అయస్కాంతం అతనికి చిన్నప్పట్నించీ తెలిసిన సరుకు. పాత పరుపు విప్పితే దూదిలో విరిగిన సూదులు, గుండుసూదులు, ఒక్కోసారి బ్లేడు ముక్కలూ ఉంటాయి. ఇనుము మిషనులో పడితే రవ్వ లేస్తుంది. అందుకని ఏకే ముందు దూది మొత్తం మీద పెద్ద అయస్కాంతం తిప్పడం వాళ్ల ఇంట్లో మూడు తరాల ఆచారం.

"ఇదేరా మనకు," అన్నాడు. "కరెంటు లేదు, ఖర్మ లేదు. అయస్కాంతం అబద్ధమాడదు."

మస్తాన్‌బీకీ నచ్చింది. పింజ ఒంటికి గాయం ఉండదు. అట్లా ముగ్గురూ కలిసి ఎంచిన తలుపు వారానికి వచ్చింది. వెనక తలుపు అడుగున చెక్క కోసి బిగించారు. పింజకు అలవాటు కావడానికి మూడు రోజులు, ఒక పావుకిలో చేపలు పట్టాయి. నాలుగో రోజు అది తనంతట తాను లోపలికొచ్చి, ఎండలో కూర్చుని మూతి తుడుచుకుంది.

తలుపు పెట్టిన ఇరవై రోజులకు పింజ ఈనింది. మళ్లీ నాలుగే. ఒకటి తెల్లది, రెండు బూడిదరంగువి, ఒకటి అచ్చం ఎర్రోడి పోలికే. పండ్ల పెట్టెలో దూది పరిచి పెట్టింది మస్తాన్‌బీ.

ఎర్రోడు రోజూ సాయంత్రం అసర్ నమాజు వేళకు వచ్చేవాడు. ఆమె నమాజుకు నిలబడగానే వెనక తలుపు మీద థప్‌మని చప్పుడు. తలతో గుద్దేవాడు. తలుపు కదిలేది కాదు. గోళ్లతో గీరేవాడు, గుర్రుమనేవాడు. కాసేపటికి పోయేవాడు. మొదట్లో ఆమె గుండె ఝల్లుమనేది. తర్వాత అలవాటైపోయి, మనసులో కాస్త గర్వం కూడా చేరింది. గుద్దుకో, ఎంత గుద్దుకుంటావో గుద్దుకో అనుకునేది.

ఆ రోజుల్లోనే జాన్ బాషాకు చిరాకెక్కువైంది.

"ఒసేయ్, సూదులు ఎటు పోతున్నాయే? నిన్న రెండు, ఇవ్వాళ ఒకటి."

"నెత్తి మీద టోపీలో గుచ్చుకుని ఊరంతా వెతుకుతావు. చూసుకో."

"టోపీలో లేవు. కింద పడ్డవి పడ్డచోట లేవు."

"అయితే జిన్నులు కుట్టుపనిలో చేరినయ్యేమో. కూలీ ఇవ్వక్కర్లేదు, పండగ చేసుకో."

కూనలు పుట్టిన తొమ్మిదో రోజు పొద్దున పెట్టెలోకి చూస్తే, ఎర్రోడి పోలికున్న కూన చచ్చి ఉంది. పొట్ట మీద ఒకటే రంధ్రం. చుట్టూ నెత్తురు నల్లగా గడ్డకట్టింది. చచ్చేముందు కొట్టుకున్నట్టుంది, కాళ్లు బిగుసుకుని, చిన్ననోరు తెరుచుకుని ఉంది. మిగతా మూడూ దాని పక్కనే పాలు తాగుతున్నాయి.

మస్తాన్‌బీ కూనను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. పిల్లి కరిస్తే ఒకటే గాటు పడుతుందా? ఆ ఆలోచన వచ్చింది. కానీ అప్పటికే కోపం దాన్ని పక్కకు తోసేసింది.

"వాడే. ఎట్లా దూరాడో దూరాడు," అంది.

జాన్ బాషా మిషను ఇనపకడ్డీ తీసుకుని కల్లంలోకి నడిచాడు. గోడవారన మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చున్నాడు. ఎర్రోడు పట్టాల కిందనుంచి బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటూ బయటికి రాగానే, లేచి కడ్డీ దించాడు. వెనక కాలు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇంట్లో మస్తాన్‌బీకి కూడా వినిపించింది. ఆ తర్వాత పసిపిల్ల ఏడ్చినట్టు ఒక అరుపు. రెండో దెబ్బ నేల మీద పడి మిరపకాయలు ఎగిరాయి. ఎర్రోడు మూడు కాళ్ల మీద పొర్లుకుంటూ కంచెలోకి దూరాడు.

"కాలు తీసేశా," అని కడ్డీ మూల పడేశాడు జాన్ బాషా. అన్నం తినలేదు. కారం ఘాటుకు తుమ్ముతూ పడుకున్నాడు.

రెండు రోజులు తలుపు మీద చప్పుడు లేదు. మూడోరోజు మధ్యాహ్నం మొగుడు ఊళ్లోకి వెళ్లాడు. మస్తాన్‌బీ దిండు కుడుతుంటే పింజ వచ్చి ఒళ్లో దూరింది. ఆమె గొంతు కింద నిమరబోయింది. బొటనవేలిలో చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కుంటే నెత్తురు బొట్టు.

మస్తాన్‌బీ పింజ మెడను పైకెత్తి చూసింది. అయస్కాంతానికి మూడు సూదులు అంటుకుని ఉన్నాయి. రెండు అడ్డంగా బొచ్చులో దాగున్నాయి. మూడోది పరుపులు కుట్టే లావుపాటి సూది, మొన బయటికి పొడుచుకుని ఉంది. మొన దగ్గర ఎండిన నెత్తురు.

నేలంతా సూదులు పడుండే ఇల్లు. దూదిలో దాగిన సూదిని కూడా పైకి లాగే అయస్కాంతం. దాన్ని తామే తెచ్చి, తామే తల్లి మెడకు కట్టారు. ఆ తల్లి పిల్లల మీద వాలి పాలిచ్చింది.

"యా అల్లా," అంది. కత్తెర తీసుకుని పట్టీ కోసి, సూదులతో సహా డబ్బాలో పడేసి మూతపెట్టింది. కాలు విరిగిన ఎర్రోడి అరుపు చెవుల్లో తిరిగింది. వాడు చేసిన పాపాలకు లెక్క లేదు, కానీ ఈ ఒక్కటి వాడు చేయలేదు. దానికే కొట్టారు.

అసర్ వేళైంది. వేలు కడిగి కట్టుకట్టి, ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని చాప పరిచింది. మనసులో ఉన్నదంతా నమాజు తర్వాత చెప్పుకోవాలనుకుంది. పింజ ఎప్పుడు బయటికి పోయిందో చూడలేదు. పోవడానికి తలుపు అడ్డం రాదు కదా. పట్టీ లేకపోతే తిరిగి రానివ్వదన్న సంగతి ఆ బాధలో ఆమెకు తట్టలేదు.

నమాజు రెండో రకాతులో ఉండగా థప్‌మంది.

వచ్చాడు, కుంటుకుంటూనే వచ్చాడు అనుకుంది. కళ్లు చాప మీంచి తిప్పలేదు. మళ్లీ థప్. మళ్లీ. ఈసారి వెంటవెంటనే, పిచ్చిపట్టినట్టు. సజ్దాకు వంగి నుదురు నేలకు ఆనించింది. అప్పుడు వినపడింది గొంతు. అది ఎర్రోడిది కాదు.

నమాజు మధ్యలో తెంపడం ఆమె జన్మలో ఎరగదు. పెళ్లినాటి జ్వరంలోనూ తెంపలేదు. ఒక్క క్షణం అట్లాగే ఉండిపోయింది, నుదురు నేల మీద, చెవులు తలుపు మీద. తర్వాత లేచి పరిగెత్తింది.

వెనక తలుపు తీసేసరికి గుమ్మంలో రెండు పిల్లులు ఒక్క ముద్దై పొర్లుతున్నాయి. పింజ వెల్లకిలా పడి ఉంది. ఎర్రోడు దాని గొంతు పట్టుకుని, బతికున్న ఒక్క వెనక కాలితో దాని పొట్ట చీరుతున్నాడు. ఒక్కో తాపుకు తెల్లబొచ్చు నెత్తుటితో లేచి పడుతోంది. విరిగిన కాలు పక్కన గుడ్డపేలికలా ఈడ్చుకుపోతోంది. తలుపు మీద, మోకాలెత్తున, పింజ గుద్దుకున్న చోట నెత్తుటి మరకలు.

మస్తాన్‌బీ రెండు చేతులూ పెట్టి ఎర్రోడి మెడ పట్టుకుంది. వాడు పింజను వదల్లేదు. ముందుకాళ్లతో ఆమె ముంజేతిని మోచేతి దాకా చీల్చాడు. ఆమె అరిచింది, లాగింది, వాడితో పాటు పింజ కూడా లేచొచ్చింది. పక్కన పరుపులు దులిపే కర్ర ఉంది. ఏ పని మొదలుపెట్టినా అల్లా పేరున బిస్మిల్లా అనడం ఆమె నాలుకకు అలవాటు. కర్ర ఎత్తగానే ఆ మాట పెదాల దాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపేసింది.

దెబ్బ వాడి నడుం మీద పడింది. నోరు వదిలాడు. పింజ పక్కకు దొర్లి, పొట్ట ఈడ్చుకుంటూ లోపలికి పాకింది. అక్కడితో అయిపోవాలి. కానీ ఎర్రోడు పారిపోలేదు. ముందుకాళ్ల మీద ఒంటిని లాక్కుంటూ గుమ్మం దాటబోయాడు. లోపల పెట్టెలో కూనలు కీచుమంటున్నాయి. వాడి చెవులు అటే నిక్కి ఉన్నాయి.

రెండోసారి తల మీద కొట్టింది. వాడి ఒళ్లు ఒకసారి విల్లులా వంగి, తర్వాత సాగిలబడింది. ముక్కులోంచి నెత్తురు గడప మీదికి కారింది. ఒక కన్ను తెరుచుకుని ఆమెనే చూస్తున్నట్టుంది. దాని చుట్టూ ఎర్రదుమ్ము.

అరుపులు విని బుల్లయ్య గోడ దూకి వచ్చాడు.

"అబ్బో! మంచి పని చేశావు చెల్లెమ్మా. పీడ విరగడైంది."

"ఆ మాట అనొద్దన్నా," అంది మస్తాన్‌బీ. "మొదటి దెబ్బ పింజ కోసం కొట్టా. రెండోది దేనికి కొట్టానో నాకే తెలియట్లేదు. నడుం విరిగినోడు ఏం చేసేవాడు?"

"కూనల్ని తినేవాడు. ఇంకేం చేస్తాడు?"

మస్తాన్‌బీ కర్ర కింద పడేసింది. నిజమే కావచ్చు. మొన్న కూనను వాడే చంపాడన్నదీ నిజమే అనుకున్నారు.

జాన్ బాషా వచ్చి గడప మీది నెత్తురు చూసి నిలబడిపోయాడు. ఆమె డబ్బా తీసుకొచ్చి అతని చేతిలో పెట్టి, మూత తెరిచింది. పట్టీనీ సూదులనూ, లావుపాటి సూది మొననీ చూశాడు. నెమ్మదిగా గుమ్మంలో కూలబడ్డాడు.

"మనం చంపామే ఆ కూనను," అన్నాడు. "వాడి కాలు ఊరికే విరగ్గొట్టా."

"తర్వాత ఏడుద్దువుగాని. పింజ బతికుంది. పశువుల ఆస్పత్రి మూసేలోపల తీసుకెళ్లు."

దిండు గలీబులో పింజను చుట్టి, బుల్లయ్య బండి వెనక కూర్చుని అతను బయల్దేరాడు. గలీబు అడుగున తడి ఎర్రగా పాకుతోంది. "అన్నా, మీ ఇంటామెను ఒక గ్లాసుడు పాలు పంపించమను," అని మస్తాన్‌బీ వెనక నుంచి కేకేసింది.

పాలు వచ్చాయి. కాచి, నీళ్లు కలిపి, గోరువెచ్చగా చేసుకుని పెట్టె ముందు కూర్చుంది. దూది వత్తి చేసి పాలలో ముంచి తెల్ల కూన నోట్లో పెట్టింది. చప్పరించింది. బూడిదరంగుది మొదట ఉమ్మింది, తర్వాత వత్తిని వదల్లేదు. మూడోది తలవాల్చేసింది. అరచేతిలో వేసుకుని చూస్తే ఒళ్లు చల్లగా తగిలింది. పమిట కొంగులో చుట్టి గుండెకు ఆనించుకుని రుద్దింది. ఆమె ముంజేతి గాట్లలోంచి ఇంకా నెత్తురు కారుతూనే ఉంది. చీరంతా మరకలు. ఈ బట్టలతో నమాజుకు నిలబడటానికి లేదు. సగంలో తెంపిన అసర్ వేళ దాటిపోతోంది.

తలుపు అడుగున కోసిన కంతలోంచి ఎండ గీతలా లోపలికొచ్చి, సన్నబడి పోయింది. మసీదు మైకులో పొద్దుగూకే వేళ నమాజుకు పిలిచే మగ్రిబ్ అజాన్ మొదలైంది.

ఆమె అలవాటు కొద్దీ లేవబోయింది. కొంగులో కూన కదల్లేదు. మళ్లీ కూర్చుంది.

"కాస్త ఆగు, అల్లా," అంది, ఇంట్లో మనిషితో అన్నట్టు.

చిటికెన వేలితో కూన నోరు తెరిచి, వత్తిని పిండింది. పాలచుక్క నాలుక మీద పడి పక్కనుంచి కారిపోయింది. రెండోదీ అంతే. మూడో చుక్కకు సన్నటి గొంతు ఒకసారి కదిలింది. మస్తాన్‌బీ వత్తిని మళ్లీ పాలలో ముంచింది.